పసుపు పూసిన గుండు

మా డ్రిల్లు సారు పోయారన్న మాట నాకు గోడ అవతలి నుంచి వచ్చింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తున్నాను. సారు భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమె, మా రెండిళ్ళ మధ్య గోడ మీద చేతులు పెట్టుకొని నిలబడింది. ఏడవడం లేదు. "దవాఖాన నుంచి ఫోనొచ్చింది బిడ్డా. మీ సారు ఇగ రాడంట" అంది. చీపురు నా చేతిలోనే ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా ఉన్నమాట చెబుతున్నాను, నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. ఇక ఆ గుట్ట మీదికి మాకంటే ముందు ఎవరు నడుస్తారని భయం. ఏడుపు ఆ తరువాతెప్పుడో, వచ్చినవాళ్ళకు చాయ్ పెడుతుంటే వచ్చింది.

కొత్త రాష్ట్రం వచ్చిన సంబురం ఊళ్ళో ఇంకా ఆరలేదు. వానలు మాత్రం ముఖం చాటేశాయి. అలాంటి రోజుల్లో పోయారు సారు.

శంషాబాద్ సర్కారు బడిలో ఏళ్ళ తరబడి డ్రిల్లు నేర్పిన మనిషి. ఆయన విజిలు వినబడితే పదో తరగతి పిల్లలు కూడా చొక్కా గుండీలు పెట్టుకునేవారు. ఆ మీసం, ఆ గొంతు చూసి ఈయనకు భయమంటే తెలియదనుకునేవారు అందరూ. పక్కింట్లో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ఆయనకు లేని భయం లేదు. బల్లికి భయం. దవాఖాన సూదికి భయం. హైవే దాటాలంటే రెండు వైపులా చూసి, మళ్ళీ రెండు వైపులా చూసి, ఎవరైనా ఆడమనిషి దాటుతుంటే ఆమె వెనకాల దాటేవారు. విమానాశ్రయం వచ్చాక మా నెత్తిమీద నుంచే విమానాలు దిగడం మొదలైంది. ఊరంతా కొద్దిరోజుల్లోనే అలవాటు పడింది, సారు పడలేదు. విమానం వచ్చినప్పుడల్లా తల కాస్త కిందికి వంచేవారు. నేను నవ్వేదాన్ని.

"నవ్వు బిడ్డా, నవ్వు. అది జర కిందికి వస్తే నేను బతుకుత. నువ్వే బతుకవు" అనేవారు.

నేనూ పుట్టు పిరికిదాన్నే. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకుంటూ, చీకటి పడకముందే ఇంటికి చేరుకునే రకం. సారు ఆదివారం గుట్ట పనికి నన్ను పిలిచినప్పుడు మా ఆయన పగలబడి నవ్వారు. "ఇద్దరు పిరికోళ్ళు జమైన్రు. ఇగ గుట్టకు ఢోకా లేదు" అన్నారు. ఆ మాట సారు చెవిన పడింది. కోపం తెచ్చుకోలేదు. "భయపడేటోడు కిందికి చూసుకుంట నడుస్తడు. ధైర్యమున్నోడే అన్నీ తొక్కుకుంట పోతడు" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట నేను చాలాసార్లు తలచుకున్నాను.

ఆ గుట్ట పాల్మాకుల దాటి లోపలికి పోతే వస్తుంది. పెద్ద గుట్టేం కాదు. మా వైపు గుండ్లు అంటాం, ఇల్లంత రాళ్ళు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చొని ఉంటాయి. ఇప్పుడో అప్పుడో దొర్లుతాయనిపిస్తుంది, తాతల నాటి నుంచి దొర్లలేదు. అన్నిటికంటే పెద్ద గుండుకు కింద పొట్టలాగా లోపలికి వంగిన చోటుంది. వంగి లోపలికి పోయి పైకి చూస్తే ఎర్రరంగుతో ఎడ్లు, మూపురాలు, వంకర కొమ్ములు, వాటి పక్కన చేతి ముద్రలు కనిపిస్తాయి. ఎంత పాతవో చెప్పడానికి నేనెవరిని? చదువుకున్నవాళ్ళు ఒకసారి వచ్చి చూసి, చాలా చాలా పాతవి, జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి పోయారు. ఆ గుండు పక్కనే రాతిలో ఒక దొన ఉంది. ఎండాకాలంలో కూడా దాంట్లో నీళ్ళుంటాయి. సారు చిన్నప్పుడు బర్లను మేపుతూ అక్కడే నీళ్ళు తాగేవారట.

విమానాశ్రయం వచ్చాక భూముల ధరలు లేచి కూర్చున్నాయి. జొన్న చేలల్లో ప్లాట్ల రాళ్ళు మొలిచాయి. ఇళ్ళకు కంకర కావాలి, కంకరకు గుట్టలు కావాలి. మా గుట్టకు పక్క గుట్ట మా కళ్ళముందే సగమైంది. మధ్యాహ్నం పూట ఎవరో ఎర్రగుడ్డ ఊపి కేక పెట్టేవాడు, కాసేపటికి నేల అదిరేది.  సారు చెవులు మూసుకొని పెద్ద గుండు వైపు చూసేవారు, అది కదిలిందేమోనని.

ఆదివారాల్లో మేం చేసిందేమైనా ఘనకార్యమా అంటే, కాదు. సారు, నేను, మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే అన్న, అప్పుడప్పుడు వచ్చే ఇంకో నలుగురైదుగురు. సీసాలు ఏరేవాళ్ళం. సర్కారు తుమ్మ కొట్టేవాళ్ళం. గుండ్ల మీద పేర్లు రాసే ప్రేమికులను తరిమేవాళ్ళం. తరిమేది సారు విజిలు, మేం వెనకాల నిలబడేవాళ్ళం. బొమ్మల మీద చెయ్యి పెట్టకూడదు, ఫొటో బాగా పడుతుందని నీళ్ళు చల్లకూడదు. సందుల్లోకి దూరే ముందు అందరినీ వరుసగా నిలబెట్టి, ఉన్నచోటనే కాళ్ళు దబదబా కొట్టించేవారు సారు. నేల అదిరితే పాము తన దారిన తాను పోతుందని ఆయన లెక్క. చీరకుచ్చిళ్ళు పైకి పట్టుకొని బండ ముందు లెఫ్ట్ రైట్ కొడుతుంటే మేకలు కాసేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. "పైలం బిడ్డా, పైలం" అంటూ మా చుట్టూ తిరిగేవారు ఆయన. నాకు సిగ్గుగా ఉండేది, కానీ పాము కంటే సిగ్గే నయం.

ఒక ఆదివారం పోయేసరికి పెద్ద గుండు పక్కలో వరుసగా బెజ్జాలున్నాయి. మిషనుతో వేసిన బెజ్జాలు. వాటిలోంచి రాలిన పొడి తెల్లగా ఇంకా కిందే ఉంది. కిరాణా అన్న ఒక బెజ్జంలో వేలు పెట్టి చూసి, గబుక్కున తీసేశాడు. రాయిని పేల్చే మందు పెట్టడానికే అవి.  

కింద దారిలో జీపు పక్కన ఒక తెల్లచొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. కంకర మిషను తాలూకు మనిషి. మేం దిగేవరకూ ఆగి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"నమస్తే సార్. రిటైరైనంక మనుమలను ఆడిపించుకోవాలె. గుట్టల ఏం పని మీకు? పాములుంటయి, తేళ్ళుంటయి. ఏమన్న అయితే ఎవ్వలు జవాబు చెప్తరు?"

ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి. ఆ వారమంతా మా ఇంటికి ఫోన్లు వచ్చాయి. ఎత్తితే మాట్లాడరు. ఇంటి ముందు ఏ బండి ఆగినా నేను కిటికీ మూసేదాన్ని. ఆఫీసుల చుట్టూ తిరిగితే "చూస్తం" అన్నారు, చూసేలోగా గుండు ఉండదని మాకు తెలుసు.

అప్పుడు సారుకు ఒక ఉపాయం తట్టింది. ఆ ఉపాయం కూడా భయం లోంచి పుట్టిందే. "నేను దేనికి భయపడుత? మనిషికి భయపడుత, అంతకన్న దేవునికి భయపడుత. మందు పెట్టేటోడు గూడ నా అసొంటోడే గద?" అన్నారు.

మంగళవారం తెల్లవారుతుండగా పోయాం. బొమ్మలున్న పొట్టకు దూరంగా, దారిలోంచి కనబడే వైపు, సారు గుండుకు పసుపు పూశారు. నేను కుంకుమ బొట్లు పెట్టాను. కిరాణా అన్న వేపకొమ్మలు కట్టి కొబ్బరికాయ కొట్టాడు.  లేని దేవతను ఉందని చెప్పడం ఒక తప్పు, ఉంటే ఆమెతో ఆటలాడటం ఇంకో తప్పు. సారు చేతులు జోడించి, "అమ్మా, తప్పయితే నన్ను అను. వీళ్ళను అనకు" అన్నారు. ఆయన నిజంగానే దండం పెట్టారు.

చెట్ల చాటు నుంచి చూశాం. పనివాళ్ళు వచ్చారు. మందు పెట్టే మనిషి ముందు నడుస్తూ గుండు ముందుకు వచ్చి ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. చెంపలు వేసుకున్నాడు. తెల్లచొక్కా మనిషి కింద నుంచి అరుస్తున్నా వినకుండా సామాను సర్దుకొని దిగిపోయాడు. నేను కిరాణా అన్న భుజం పట్టుకొని ఏడ్చినంత పని చేశాను. ఆ రోజు సారు మా అందరికీ హైవే మీద హోటల్లో ఇడ్లీ తినిపించారు, ఆయన రెండు ప్లేట్లు తిన్నారు.

పులికి భయపడి ఎలుగుబంటిని తెచ్చుకున్నామని అప్పటికి మాకు తెలియదు.

కొద్ది వారాల్లో గుండు దగ్గర కోడి ఈకలు కనబడ్డాయి. తరువాత గాజులు, నిమ్మకాయలు. తరువాత ఒకామెకు పూనకం వచ్చిందని తెలిసింది. మేం పేరు పెట్టలేదు, జనమే పెట్టుకున్నారు, గుండు పోచమ్మ. మహేశ్వరం వైపు నుంచి కూడా ఆటోల్లో వచ్చి మొక్కులు తీర్చుకోవడం మొదలైంది. గాలికి పొయ్యి నిలవడం లేదని బొమ్మలున్న పొట్ట కిందే వంటలు చేశారు. ఒక ఆదివారం వంగి లోపలికి పోయి చూస్తే మసి. ఒక ఎద్దు కొమ్ములు కనబడకుండా పోయాయి. సారు అక్కడే చతికిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చారు.

"నేనే చేసిన బిడ్డా. మిషనోడు చెయ్యనిది నేను చేసిన" అన్నారు.

అంతటితో అయిపోతే బాగుండేది. తెల్లచొక్కా మనిషి మళ్ళీ వచ్చాడు, ఈసారి నుదుటన ఇంత బొట్టుతో. గుండు పోచమ్మకు గుడి కట్టిస్తానన్నాడు. సిమెంటు గోడలు, టైల్సు, గుండు మొత్తానికి పెయింటు, కింది నుంచి బండి వచ్చేలా దారి. దారికి అడ్డం వచ్చే గుండ్లను పగలగొట్టాలి. పగిలిన రాయి ఎటు పోతుందో ఎవరూ అడగలేదు. జనం చప్పట్లు కొట్టారు. మిషనుకైతే అడ్డం నిలబడవచ్చు, గుడికి అడ్డం నిలబడేదెవరు? అంతకు ముందు ఆ మనిషికి భయపడ్డాం. ఇప్పుడు ఆ మనిషికీ జనానికీ, మేం పసుపు పూసి నిలబెట్టిన తల్లికీ భయపడ్డాం. నాకు నిద్ర పట్టేది కాదు.

గుడికి ముగ్గు పోసే రోజు సారు ఇస్త్రీ చొక్కా వేసుకొని బయలుదేరారు. మమ్మల్ని కిందే ఆగమన్నారు. "దెబ్బలు పడితే ఒక్కనికే పడనీ" అన్నారు. మేం ఆగలేదు, కానీ దగ్గరికీ పోలేదు. ఆటో చాటున నిలబడ్డాను నేను. పారిపోవడానికి వీలుగా.

సారు జనం మధ్యకు పోయి నిలబడ్డారు. బడి మైదానంలో ఊరంతా వినబడే ఆ గొంతు ఆ రోజు పక్కవాడికి కూడా సరిగ్గా వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"ఈ పసుపు పూసింది నేను. గుండును పలగగొట్టకుంట ఆపనీకి పూసిన. మీతోని అబద్ధమాడిన. తప్పయింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవడో సారు చొక్కా పట్టుకున్నాడు. "అమ్మోరిని లేదంటవా?" అని అరుపులు. తెల్లచొక్కా మనిషి పక్కకు జరిగి చేతులు కట్టుకొని చూస్తున్నాడు. సారు కాళ్ళు వణకడం ఆటో దగ్గరికే కనబడింది. ఈయనను చంపేస్తారు, నేను చూస్తూ నిలబడతాను అనుకున్నాను. 

అప్పుడు ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చొక్కా పట్టుకున్నవాడి చెయ్యి విదిలించి కొట్టి, సారు మొహంలోకి చూసింది.

"నువ్వు పూసినవో ఎవ్వలు పూసిండ్రో నాకెందుకు? ఈడ మొక్కినంక నా మనుమనికి జరం దిగింది. దానికేమంటవ్?"

 సారు ఆమెకు చేతులు జోడించారు.

"గట్లయితే అమ్మ ఉన్నదవ్వా" అన్నారు. "ఉంటే నా పసుపుతోని రాలే. నాకన్న ముందుగాలనే ఉన్నది. ఇన్నేండ్లు ఈ గుండ్లనే ఇల్లు చేసుకొని ఉన్నది. ఆమె ఇల్లు పలగగొట్టి ఆమెకు ఇల్లు కడుదుమా? ఒక్కపారి లోపలికి వచ్చి చూడు. చూసినంక నన్ను కొట్టుండ్రి."

ఆమె చెయ్యి పట్టుకొని గుండు కిందికి తీసుకుపోయారు. లోపల ఏం మాట్లాడుకున్నారో సారు తరువాత చెప్పారు. ఆమె ఎడ్లను చూసింది, మసి పట్టిన కొమ్ములను చూసింది. చేతి ముద్రల దగ్గర తన చెయ్యి ఎత్తింది. సారు కంగారుగా "ముట్టకవ్వా" అన్నారు. ముట్టలేదు, గాల్లోనే కొలిచి చూసుకుంది. "ఇది ఆడిదాని చెయ్యి" అందట.

బయటికి వచ్చి కొంగు నడుముకు చుట్టింది. "ఈ గుండు కింద ఎవ్వలన్న పొయ్యి పెడితే ఆ పొయ్యిల వాళ్ళనే పెడుత. ఇంటి లోపట మన పెద్దోళ్ళ చేతులున్నయి. కింద యాపచెట్టు కాడ చిన్నరాయి నిలబెట్టుకొని మొక్కుకుందాం. అమ్మకు టైల్సు వద్దు" అంది. గంటసేపు గొడవ పడ్డారు. కానీ మొక్కు తీరిన మనిషి మాటకు ఎదురు చెప్పడం అక్కడ ఎవరికీ చేతకాలేదు. తెల్లచొక్కా మనిషి జీపు ఎక్కి పోయాడు, పోయేముందు సారు వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది.

ఆ రాత్రి సారుకు జ్వరం. మరునాడు గోడ దగ్గర దుప్పటి కప్పుకొని నిలబడి, "నా కాళ్ళు వణికినయి. కనబడ్డదా బిడ్డా?" అని అడిగారు.

"కనబడ్డది సార్."

"కనబడనీ. బలిసి వచ్చిండనుకోలేదు ఎవ్వలు. అందుకే బతికిన" అన్నారు.

ఆ తరువాత కొన్నేళ్ళు గుట్ట నెమ్మదిగా ఉంది. మసి పట్టిన ఎద్దును తుడుద్దామని నేనన్నాను, సారు ఒప్పుకోలేదు. తుడిస్తే మసితో పాటు ఎద్దు కూడా పోతుందని ఆయన భయం. దానికి కొమ్ములు ఇప్పటికీ లేవు.

ఈ ఎండాకాలంలో గుట్ట అవతలి వైపు మళ్ళీ రాళ్ళు పాతారు, సున్నంతో గీతలు గీశారు. ఎవరివో ఎవరూ చెప్పరు. సారు రోజూ సాయంత్రం పోయి గుండు కింద కూర్చోవడం మొదలుపెట్టారు. ఒక్కరే. "మనిషి కనబడితే జర ఆలోచిస్తరు" అనేవారు. కూర్చొని కూర్చొని ఒకరోజు ఛాతీలో నొప్పని వచ్చారు. దవాఖానలో సూది గుచ్చిన చేతిని చూడకుండా మొహం పక్కకు తిప్పుకొని పడుకున్నారు. నన్ను చూడగానే అడిగిన మాట ఒకటే.

"ఆదివారం పోయిండ్రా?"

"పోలేదు సార్. మీరు లేకుంటే భయమైంది."

"భయమైతది. భయపడుకుంటనే పోండ్రి" అన్నారు. అదే నాతో ఆయన ఆఖరు మాట.

మూడోరోజు పిట్టకు పెట్టారు. మా దగ్గర పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. బగారన్నం, కోడికూర, చాయ్‌లో ముంచిన బిస్కట్టు, ఉడకబెట్టి రెండుగా కోసిన గుడ్డు పెట్టారు. కాకి వచ్చింది. శ్మశానం గోడ మీద కూర్చొని విస్తరి వైపు చూసింది. దిగలేదు.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. కొడుకు ముందుకు పోయి, "బాపూ, అమ్మను మంచిగ చూసుకుంట" అన్నాడు. కాకి దిగలేదు. పెద్దమ్మ, "నా గురించి రంది పెట్టుకోకు" అంది. దిగలేదు. సారు తమ్ముడు ఏదో పొలం సంగతి చెప్పాడు, మనుమరాలు చదువుకుంటానంది. కాకి గోడ మీద అటు జరిగి ఇటు జరిగి కూర్చుంది. అప్పుడు పెద్దమ్మ మెల్లగా తల తిప్పి, వెనకాల నిలబడ్డ మా వైపు చూసింది. అందరూ చూశారు. కిరాణా అన్న తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నా కళ్ళముందు సున్నం గీతలు, తెల్లచొక్కా కదిలాయి. పోయినవాళ్ళకు మాట ఇచ్చి తప్పకూడదు. అందుకని మనసులో ఒక వాక్యం జాగ్రత్తగా అల్లుకున్నాను. గుట్టను నేను ఒక్కదాన్ని చూసుకోలేను సార్, అందరం కలిసి వీలైనంత వరకు చూస్తాం. అది చెబుదామని చేతులు జోడించి ముందుకు పోయాను.

"సార్, గుట్టను నేను..." అన్నాను.

కాకి దిగింది. అన్నం వైపు చూడలేదు, తిన్నగా గుడ్డు ముక్కను ముక్కున కరుచుకుంది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్దమ్మ అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే వచ్చి నా జోడించిన చేతులు పట్టుకుంది. చెప్పాల్సిన మిగతా మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి. కాకి గోడ దాటి, తుమ్మచెట్లు దాటి, ముక్కున పచ్చసొన మెరుస్తుండగా పాల్మాకుల వైపు ఎగిరిపోతూ ఉంది.